గడప నీళ్ళు తాగినవాడు

సప్తశిఖర రాజ్యానికి రాజధాని శంఖపురి. ఆ నగరాన్ని తొలిసారి చూసినవాడు ఎంతటివాడైనా కాసేపు నోరు తెరుచుకుని నిలబడవలసిందే. మిద్దెల మీద నెమళ్ళు, మిద్దెల కింద ఏనుగుల బారులు, కూడళ్ళలో పన్నీరు చిమ్మే ఇత్తడి మకరాలు, రాచవీధి పొడవునా ఎత్తైన కొయ్యస్తంభాలకు కట్టిన పట్టు చాందినీలు. ఆ చాందినీల కింద నడిచేవాడి మీద ఎండ కూడా రంగురంగులుగా పడుతుంది.

ఇంత సొగసైన నగరానికి ఉత్తరాన మొసళ్ళ మడుగు ఉంది. మడుగు నడుమ నల్లరాతి తిప్ప, దాని మీద పాషాణగృహమనే చెరసాల. శంఖపురి వాసులు తమ మేడలకు ఉత్తరం వైపు కిటికీలు పెట్టుకోరు. అడిగితే వాస్తు బాగుండదంటారు. అసలు సంగతి అది కాదని అడిగినవాడికీ తెలుసు, చెప్పినవాడికీ తెలుసు.

ఒకానొక వేసవి ఉదయం ఆ చెరసాల ఇనుపతలుపు తెరుచుకుని కాచన బయటికి వచ్చాడు.

కాచన కొండతేనె కొట్టేవాడు. నిట్టనిలువు చరియల మీద బల్లిలా పాకడం అతనికి తాత ముత్తాతల నుంచి వచ్చిన విద్య. కుర్రతనంలో కల్లుపాక దగ్గర ఎవడో రెచ్చగొడితే పందెం కాసి, రాజుగారి వసంతమేడ మీది బంగారు కలశాన్ని దించుకొచ్చాడు. పందెం నెగ్గాడు. యౌవనమంతా పాషాణగృహంలో పోగొట్టుకున్నాడు.

ఇప్పుడు విడుదలైతే అయ్యాడు గాని, శంఖపురిలో విడుదల కావడం వేరు, మనిషి కావడం వేరు. చెరసాల నుంచి వచ్చేవాడికి కుడివైపు మీసం గొరిగి పంపుతారు. అటువంటివాణ్ణి గృహస్థులెవరైనా పేరుపెట్టి పిలవాలి. గడపకు లోపల తాము నిలబడి, గడపకు వెలుపల నిలబడ్డ వాడి దోసిట్లో నీళ్ళు పోయాలి. అంతవరకూ వాడి నోటి మాట మాట కాదు. వాడు మొరపెట్టినా, ఒప్పుకున్నా, ఏడ్చినా భటుడి చెవికి వినపడకూడదు. వాణ్ణి కొట్టడం తప్పు కాదు, దోచడం నేరం కాదు. గడప నీళ్ళు తాగాక వాడు మళ్ళీ నలుగురిలో ఒకడు. కొత్వాలు చావడి ముందున్న మొరగంట మోగించే హక్కు వాడికీ వస్తుంది. అయితే వాడు మళ్ళీ తప్పు చేస్తే మాత్రం నీళ్ళు పోసిన చేయి జవాబు చెప్పాలి. వాడికి బదులు ఆ ఇంటివాళ్ళు పాషాణగృహానికి పోవాలి.

ఈ చట్టం ఇప్పటి రాజుగారి తాతగారు చేశారు. దీన్ని ఆయన చాలా దయగల చట్టమని అనుకునేవారట. తాతగార్లు అలా చాలా అనుకుంటారు. ఒకరి తప్పుకు తాము చెర అనుభవించడానికి సిద్ధపడి నీళ్ళు పోసేవాళ్ళు ఎందరుంటారో ఆయన లెక్క చూసుకున్నట్టు లేదు.

మడుగు దాటకముందే కాచనకు ఆ చట్టం రుచి తెలిసింది. నడిమధ్యలో తెడ్డు ఆపేసి, చెరసాలలో ఇచ్చిన కంబళి ఇమ్మన్నాడు పడవవాడు. ఇవ్వకపోతే నీళ్ళలోకి తోస్తానన్నాడు. కాచన ఇచ్చేశాడు. తోళ్ళవీధిలో కొందరు ఆకతాయిలు ఏ కారణమూ లేకుండా, ఒక పూట కాలక్షేపంగా అతణ్ణి కుళ్ళబొడిచారు. పక్కనే అరుగు మీద ఒక భటుడు చెరుకుగడ నములుతూ కూర్చున్నాడు. కాచన పాకుతూ వెళ్ళి అతని కాళ్ళు పట్టుకుని కాపాడమన్నాడు. భటుడు ఆకాశం వంక చూసి, వాన వచ్చేట్టుందని పక్కవాడితో అన్నాడు. మబ్బుతునక కూడా లేదు ఆకాశంలో.

సత్రంలో పెట్టిన రొట్టెను సత్రం గుమ్మం దాటకముందే ఎవడో లాక్కుపోయాడు. ఇలా కొన్నాళ్ళు గడిచాక, పాడుబడ్డ గుర్రపుసాలలో తలదాచుకున్న కాచన దగ్గరికి ఒక ముసలివాడు వచ్చి కూర్చున్నాడు. అతనికీ సగం మీసమే. ఆ పొద్దునే విడుదలైనట్టున్నాడు, చెరసాలవాళ్ళిచ్చిన రొట్టె ఇంకా అంగవస్త్రంలో మూటగట్టి ఉంది. కాచన ఆ రొట్టె లాక్కున్నాడు.

ముసలివాడు అరవలేదు. అరిచి లాభం లేదని అతనికీ అప్పటికే ఎవరో నేర్పినట్టున్నారు. ఖాళీ అంగవస్త్రాన్ని విదిలించి, మళ్ళీ భుజం మీద వేసుకుని, అటు తిరిగి పడుకున్నాడు. కాచన రొట్టె చివరి ముక్క దాకా తిన్నాడు. తలెత్తలేనంత సిగ్గేసింది. అయినా ఆకలి తీరింది. ఆ తీరడమే అతనికి మరింత సిగ్గుగా ఉంది.

తెల్లవారేసరికి ముసలివాడు లేడు. సగం మీసాలవాళ్ళు శంఖపురిలో అలా ఉన్నట్టుండి మాయం కావడం కొత్త కాదు. ఎక్కడికి పోయారని ఎవరూ అడగరు. పాత బుద్ధి పోనిచ్చుకోక ఏ ఊరి మీదనో పడి ఉంటారని అనేసుకుంటారు. కాచన కూడా అలాగే అనుకుందామని చూశాడు, కాని కుదరలేదు.

ఆ రోజు ఎండకు తాళలేక, నీలివాడలోని ఒక కాలువ దగ్గర వంగి దోసిలి పట్టాడు. ఎవరో పైనుంచి అరిచారు.

“అది అద్దకం నీళ్ళురా. తాగితే చస్తావు. నీ పేరేంది?”

నీలిమందు తొట్ల మధ్య ఒక ముసలమ్మ నిలబడి ఉంది. మోచేతుల దాకా నీలం. పేరు దుగ్గవ్వ. మొగుడూ పిల్లలూ ఎవరూ లేరు. రాజ్యంలో ఏ కోట మీద ఏ జెండా ఎగిరినా దాని నీలం ఆమె చేతి నీలమే. కాచన తన పేరు చెప్పాడు. ఆమె లోపలికి పోయి చెంబుతో వచ్చింది. గడపకు లోపల నిలబడి, అతణ్ణి పేరుపెట్టి పిలిచి, నీళ్ళు పోసింది.

వీధి వీధంతా తలుపుల్లోంచి తొంగిచూసింది. పక్కింటామె వచ్చి చెవిలో చెప్పింది, ఇలాంటివాళ్ళ కోసం జవాబు చెప్పడమంటే కోరి కొరివితో తల గోక్కోవడమేనని. దుగ్గవ్వ తన చేతులు చూపించింది.

“ఇవి ఎట్లాగూ కడిగితే పోవు. కొత్తగా అంటుకునే మచ్చేముంది?”

అలా కాచన మనిషయ్యాడు. నీలిమందు కలిపాడు, బట్టలు పిండాడు, మాడు పగిలే ఎండలో గుడ్డలు ఆరేశాడు. కుడిమీసం మొలిచి ఎడమదాన్ని అందుకుంది. వీధివాళ్ళు పేరుపెట్టి పిలవసాగారు. కాని నడిచేటప్పుడు గోడవారగా నడవడం, ఎవరైనా చెయ్యెత్తితే తల దాచుకోవడం అతన్ని వదల్లేదు. దుగ్గవ్వ అది చూసేది. అన్నం ఒక ముద్ద ఎక్కువ పెట్టేది.

ఇంతలో యువరాజు పట్టాభిషేకం వచ్చింది. కోట బురుజు మీద ఎగరవలసిన మయూరధ్వజాన్ని అద్దే పని దుగ్గవ్వకు అప్పగించారు. నెమలిపింఛంలో ఒక్కొక్క కన్నుకూ ఒక్కొక్క నీలం. ఉదయపు నీలం, మబ్బు నీలం, కాకిరెక్క నీలం, లోతు మడుగు నీలం. చలికాలమంతా కూర్చుని అద్దింది. పూర్తయ్యేసరికి మోకాళ్ళు పట్టేసి లేవలేకపోయింది. కూర్చున్న చోటి నుంచే ధ్వజాన్ని తెల్లటి దుప్పటిలో చుట్టి, వంగిన కాచన భుజానికి ఎత్తింది.

“కోటలో ఇచ్చిరా. దారిలో ఎవడన్నా అడ్డమొస్తే నువ్వేం చెయ్యబాకు. తిన్నగా పోయి గంట కొట్టు. నీళ్ళు తాగినోడివి, ఇప్పుడు వింటారు.”

కాచన సరేనన్నాడు. ఆమె తనను నమ్మి ఇంత పని అప్పగించిందన్న సంబరంలో నేల మీద నడుస్తున్నాడో గాలిలో నడుస్తున్నాడో తెలియలేదు.

రాచవీధి మలుపులో ముత్యాల పల్లకీ ఒకటి ఆగింది. బోయీలు పల్లకీ దించి, ఒక్కుమ్మడిగా కాచన మీద పడి, కింద తొక్కిపెట్టి, మూట లాక్కున్నారు. పల్లకీ తెర తొలిగింది. వజ్రాల వర్తకుడు హేమపాలుడు బయటికి తొంగిచూశాడు. నగరానికి ఈమధ్యనే వచ్చి, తోళ్ళవీధి చివర, అది రాచవీధిని కలిసేచోట పెద్ద మేడ కట్టుకున్న ధనికుడు. అతను కాచన వంక చూసి తీరుబడిగా నవ్వి, తెర వేసుకున్నాడు. దోచుకునేవాడు ముఖం చూపించి మరీ నవ్వాడంటే ఎందుకో ఒక క్షణం ఆలోచించాలి. కాచనకు అంత తీరిక లేకపోయింది.

రక్తం ఓడుతున్న మోకాళ్ళతో కొత్వాలు చావడికి పరుగెత్తాడు. చావడి ముందు, ఏనుగు తలంత కంచుగంట. దాని పగ్గం నేలదాకా వేలాడుతోంది. కాచన పగ్గం పట్టుకున్నాడు.

చావడి అరుగు మీద భటుడు లేచి నిలబడ్డాడు. తలపాగా సర్దుకున్నాడు. చెప్పేది వినడానికే లేచాడు పాపం. కాని అతను, తోళ్ళవీధిలో లేని మబ్బులు చూసిన భటుడు. ఆ ముఖం చూడగానే కాచనకు దెబ్బలు తిన్న చోటల్లా మళ్ళీ సలపడం మొదలైంది. ఈ గంట తన కోసం మోగదు. మోగినా వీళ్ళు ఆకాశం వంకే చూస్తారు. పగ్గం వదిలేశాడు. భటుడు ఏదో అడగబోయేసరికి తల దించుకుని సందులోకి జారుకున్నాడు.

చెరసాలకు పోనివాడైతే ఆ గంట కొట్టి ఉండేవాడు. గొంతు చించుకుని గోల చేసి ఉండేవాడు. తన మాట ఎవరూ వినని రోజులు చూసినవాడికి, వినే రోజు వచ్చినా నమ్మకం కలగదు. తన వస్తువు తానే తెచ్చుకోవాలి, తన విద్య తనకుంది, అనుకున్నాడు కాచన. ఆ విద్య పేరు గోడ ఎక్కడమని, దాన్నే నగరంలో దొంగతనమంటారని అతనికి ఆ నిమిషంలో తోచలేదు.

మిట్టమధ్యాహ్నం. కాపలావాళ్ళు కునికే వేళ. హేమపాలుడి మేడ వెనకగోడ నున్నటి పచ్చరాయి. గోడ నిండా విషపుముళ్ళ తీగలు, పైన గాజుపెంకుల వరస, గోడ అడుగున గొలుసులు తెంచుకోవడానికి ఎగిరే వేటకుక్కలు. కాచన వేళ్ళకు మట్టి రాసుకుని, రాయికీ రాయికీ మధ్య గోరుపట్టు సందు వెతుక్కుంటూ పైకి పాకాడు. సగం దూరంలో ఒక తీగ తనంతట తానే కదిలి, పాములా చుట్టుకుని అతని మడమను లాగింది. కాచన నోటితో ఆ తీగను కొరికి తెంపాడు. పెదవులు బొబ్బలెక్కాయి. మరో పట్టు, మరో పట్టు, అంతలో గాజుపెంకుల మీదుగా దొర్లి డాబా మీద పడ్డాడు.

డాబా మీద చంద్రశిల పరచిన పెద్ద మండపం. పగడాల దూలాలు, వెండి గొలుసులు, ఆ గొలుసులకు వరసలు వరసలుగా నీటికాకులు. చేపల కోసం మడుగుల్లో మునిగే నల్లటి పక్షులు. ప్రతిదాని మెడకూ ఇత్తడి కడియం. వందల పక్షులున్నా ఒక్క కూత లేదు. అన్నీ ఒకేసారి తలలు తిప్పి కాచనను చూశాయి. ప్రతి పక్షికీ కుడి చెంప మీద ఈకలు లేవు, నున్నగా గొరిగినట్టుంది. కాచన ఒక అడుగు వెనక్కి వేశాడు. కాని మండపం నడుమ దంతపు పీట మీద తెల్లటి మూట కనిపించేసరికి మిగతావన్నీ మరిచిపోయాడు.

మూట చంకన పెట్టుకుని గోడ ఎక్కాడో లేదో, కింద హేమపాలుడు చప్పట్లు చరిచి, దొంగ దొంగ అని కేక పెట్టాడు. వీధిలో భటులు అప్పటికే బారులు తీరి ఉన్నారు. ఎవరో ముందే కబురు చేసినట్టు. అందరూ చూస్తుండగా కాచన, దొంగసొత్తులా మూట పట్టుకుని, పరాయివాడి గోడ మీద నిలబడి ఉన్నాడు.

బాణాలు రివ్వుమన్నాయి. కాచన గోడ మీదినుంచి రాచవీధి చాందినీ మీదికి దూకాడు. పట్టుగుడ్డ అతణ్ణి ఎగరేసింది. ఎర్ర చాందినీ నుంచి పసుపు చాందినీ మీదికి, దాని మీదినుంచి ఆకుపచ్చదాని మీదికి. చివరిది చిరిగింది. కింద ఊరేగింపు ఏనుగు వీపు మీద పడ్డాడు. ఏనుగు బెదిరి పరుగెత్తింది. మామిడికాయల బండ్లు బోర్లాపడ్డాయి, గుర్రాలు సకిలించాయి, భటులు ఒకరి మీద ఒకరు పడ్డారు. నీలివాడ మలుపులో కాచన ఒక కొమ్మ పట్టుకుని దిగిపోయాడు. ధ్వజం మీద చిన్న మరక కూడా లేదు. పగలబడి నవ్వుకుంటూ దుగ్గవ్వ ఇంటికి పరుగెత్తాడు.

ఇంటి ముందు దళవాయి నిలబడి ఉన్నాడు. వెనక ఎడ్లబండి, చుట్టూ ఈటెలు. గుర్రాల మీద వచ్చినవాళ్ళు ఏనుగు కన్న ముందే చేరారు. దుగ్గవ్వ గడప మీద కూర్చుని ఉంది. మోకాళ్ళ నొప్పితో లేవలేక, రెండు నీలిచేతులూ ఒళ్ళో పెట్టుకుని.

దళవాయి చెడ్డవాడు కాడు. తల దించుకునే చెప్పాడు, కాచన గోడ దూకడం నగరమంతా చూసిందని, నీళ్ళు పోసిన చేయి కాబట్టి ఆమె రావలసిందేనని. ధ్వజాన్ని మొదట హేమపాలుడే లాక్కున్నాడని కాచన గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. అది నిజమైనా, మొరపెట్టకుండా గోడ దూకినవాడు దొంగేనని దళవాయి అన్నాడు. చట్టంలో అలాగే ఉంది.

దుగ్గవ్వ కాచన వైపు తిరిగింది. ఆమె ముఖంలో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది.

“గంట కొట్టావా నాయనా?”

కాచన నోరు తెరిచాడు. చేతిలో పట్టుకున్న పగ్గం, లేచి నిలబడ్డ భటుడు, అంతా కళ్ళముందు తిరిగింది. ఆమె అడిగింది ఒక్కటే పని. అది చెయ్యలేదని, ఆమె కళ్ళలోకి చూస్తూ, వీధి వీధంతా వింటుండగా ఎలా చెప్పడం? సిగ్గు అడ్డం పడింది. దాన్ని దాటుకుని వేరే మాట బయటికొచ్చింది.

“కొట్టాను అవ్వా. ఎవరూ రాలేదు.”

దుగ్గవ్వ కళ్ళు మెరిశాయి. గుంజ పట్టుకుని లేచి నిలబడింది. దళవాయితో, వీధివాళ్ళతో, వినేవాళ్ళందరితో గట్టిగా చెప్పింది. తన కాచన గంట కొట్టాడని, చావడిలో భటులు చెవులు మూసుకున్నారని, నేరం వాడిది కాదు కొత్వాలుదని. దళవాయి ముఖం పాలిపోయింది. చావడి భటుణ్ణి పిలిపించి అడిగారు. పగ్గం పట్టుకున్నాడు గాని కొట్టలేదని అతను ఒట్టేసి చెప్పాడు. గృహస్థురాలి మాట ఒకటి, రాజభటుడి మాట ఒకటి. అలాంటప్పుడు శంఖపురిలో తీర్పు చెప్పేది మొసళ్ళ మడుగే. నింద మోపినవాళ్ళు నీళ్ళలో మునిగిన దాటురాళ్ళ మీదుగా తిప్ప దాకా నడవాలి. మాట నిజమైతే మొసళ్ళు తాకవంటారు. పొద్దు వాలేలోగా నడవాలని దళవాయి తీర్పు చెప్పాడు.

ఆపడానికి అదే సమయం. ఒక్క మాట చాలు. కాచన నాలుక కదిలించాడు. చెబితే ఆమె ముఖం ఎలా మారుతుందోనని ఊహించి, గుటక వేశాడు. ఆ గుటకంత సేపట్లో ఆమెను బండెక్కించారు. బండిలోంచి ఆమె, పొయ్యి మీద అంబలి ఉంది తాగమని చెయ్యూపింది. బండి సందు తిరిగింది.

అప్పుడు మంగలి ముందుకు వచ్చాడు. భటులు కాచనను గట్టిగా పట్టుకున్నారు. కుడిమీసం నేలరాలింది. గడప నీళ్ళు విరిగాయని దళవాయి ప్రకటించాడు.

సిగ్గు అప్పుడు తెగింది. కాచన కేకలు పెట్టాడు. “నేను కొట్టలేదు. అవ్వతో అబద్ధమాడాను. ఆమెను ఆపండి.” ఒక్కొక్కరి కాళ్ళ మీదా పడ్డాడు. గడప నీళ్ళు లేనివాడి మాట వినపడకూడదు కదా. దళవాయి గుర్రమెక్కాడు. చావడి భటుడు మాత్రం ఆగి, కాచన వంక చూడబోయి, ఆకాశం వంక చూశాడు.

వీధి ఖాళీ అయ్యింది. మూల మలుపులో ముత్యాల పల్లకీ ఆగి ఉంది.

హేమపాలుడు దిగి నడిచి వస్తుంటే ఒక్కొక్క అడుగుకూ ఒక్కొక్కటి రాలిపోయింది. మొదట పట్టు కుళ్ళాయి, తర్వాత గుండ్రటి బుగ్గలు, తర్వాత నవ్వు. ముక్కు సాగి కొడవలిలా వంగింది. కళ్ళు గుంటలు పడి పచ్చగా వెలిగాయి. నడుముకు కపాలాల మొలతాడు, చేతిలో బూడిద సంచి. వక్రఘోణుడనే మాంత్రికుడు అతను.

“నీ కోసం చలికాలమంతా కాచుకున్నానురా,” అన్నాడు. “నీకు జవాబు చెప్పేవాళ్ళు ఒక్కరున్నా నా మంత్రం పారదు. అందుకే నీ అవ్వను తప్పించాను.”

మడుగు అడుగున జలనాగమణి ఉందని, దాని కోసం తన నీటికాకులను దింపుతుంటే మొసళ్ళు మింగేస్తున్నాయని అతను తీరుబడిగా చెప్పుకొచ్చాడు. ఎన్ని పోయినా దిగుల్లేదట. సగం మీసంవాళ్ళు కరువా? ఎవరూ వెతకరు, ఎవరూ అడగరు. ఈ సాయంత్రం మాత్రం మొసళ్ళన్నీ దాటురాళ్ళ దగ్గర చేరతాయి, ముసలమ్మ నడుస్తుంది కాబట్టి. మణి దగ్గర కాపలా ఉండదు. మణి ఉన్న బిలం నిట్టనిలువు రాయి, నీళ్ళలో కూడా పాకగలవాడు కావాలి. దానికే కాచన.

నన్నేమైనా చెయ్యి, అవ్వను వదిలించమని కాచన అతని కాళ్ళు పట్టుకున్నాడు. వక్రఘోణుడు తన కాళ్ళ మీద వంగినవాడి నెత్తిన బూడిద చల్లాడు. చేతులు నల్లబడి రెక్కలయ్యాయి. కేక సగంలో కీచుగా మారింది. మెడకు చల్లటి ఇత్తడి బిగుసుకుంది.

పడమటి కొండల మీద పొద్దు కుంకుమ పోసినట్టుంది. మడుగు మీద తామరలు ముడుచుకుంటున్నాయి. ఒడ్డున జనం, పల్లకీలు, గొడుగులు. ఇన్నాళ్ళకు శంఖపురి ఉత్తరం వైపు తిరిగి చూస్తోంది. అవతలి ఒడ్డున తుంగలో నక్కి, వక్రఘోణుడు నీటికాకుల మెడ కడియాలను ఒకే తాడుకు గుచ్చి పట్టుకున్నాడు. కాచన పక్కనున్న పక్షి ముసలిది. ఖాళీ భుజం విదిలించుకుంటున్నట్టు ఒక రెక్కను మాటిమాటికీ విదిలించుకుంటోంది. కాచన దాని ముఖం చూడలేక తల తిప్పుకున్నాడు.

దాటురాళ్ళ చుట్టూ నీళ్ళు కదిలాయి. ముక్కులు, కళ్ళు, బుడిపెల వీపులు ఒక్కొక్కటే తేలాయి. దుగ్గవ్వ చీర కుచ్చెళ్ళు దోపుకుని ఒడ్డున నిలబడింది. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు.

వక్రఘోణుడు తాడు వదిలాడు. పక్షులన్నీ బుడుంగున మునిగాయి. ఒక్కటి మాత్రం మునగలేదు. కాచన కడియం మెడను కోస్తున్నా లెక్కచేయక, నీళ్ళు ఒరుసుకుంటూ దాటురాళ్ళ వైపు ఎగిరాడు. వెనక నుంచి మాంత్రికుడి మంత్రం నిప్పుకణికలా వచ్చి ఒక రెక్క కాల్చింది. మరో రెక్కతోనే పడుతూ లేస్తూ వచ్చి, ఆమె ముందు రాయి మీద వాలాడు.

దళవాయి ప్రమాణం చెయ్యమన్నాడు. దుగ్గవ్వ గొంతు మడుగు మీద స్పష్టంగా వినిపించింది.

“కాచన గంట కొట్టాడు. వాడే నాతో చెప్పాడు. వాడు నాతో అబద్ధమాడడు.”

కొట్టలేదు అవ్వా, అన్నాడు కాచన. ఉన్న ఊపిరంతా పెట్టి అన్నాడు. నల్లటి ముక్కులోంచి గరగరమనే పక్షి కూత వచ్చింది. మళ్ళీ అన్నాడు. మళ్ళీ అదే కూత. ఆమె పాదాలకు అడ్డంగా రెక్కలు పరిచి, ముక్కుతో ఆమె కాలివేళ్ళ మీద పొడిచాడు. వెనక, రాతిని ఆనుకుని, నీళ్ళు రెండుగా చీలాయి. తెరుచుకుంటున్న దవడల చల్లటి వాసన అతని వీపుకు తగిలింది.

దుగ్గవ్వ వంగింది. నీలిచేత్తో మెల్లగా అతన్ని పక్కకు తోసింది.

“పో పిట్టా, పో. మొసళ్ళున్నాయి,” అని, మొదటి రాయి మీద కాలు పెట్టింది.